కప్పతల్లికి కొండకప్ప

ఆ ఏడు మృగశిర కార్తె దాటినా ఊళ్లో చినుకు పడలేదు. మా అత్తమ్మ తమ్ముడు పత్తి గింజలు పెట్టి, సిరిసిల్ల పక్క పల్లె నుంచి రోజూ ఫోన్ చేసేవాడు. మేమంతా మరమగ్గాల పనికి వచ్చి మహారాష్ట్రలోని భివండీలో ఉన్నా అత్తమ్మ ప్రాణం ఆ చేను మీదే. కప్పతల్లి ఆడితే వాన వస్తుందని ఆమె నమ్మకం. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పితే ఆడవాళ్లు దాని మీద చెంబెడు నీళ్లు పోస్తారు. కానీ మేముండే కనేరి పేట మోరీల్లో అద్దకాల రంగునీళ్లు తప్ప కప్ప ఎక్కడిది?

ఆ వారమే ఘాట్ కొండల మీది శివుడి గుడికి వెళ్లాం. అక్కడ పట్టపగలే మబ్బు నేల మీద పాకుతోంది. ఒక పొద ఆకు మీద బొటనవేలి గోరంత కప్ప. పూలమ్మే ముసలావిడ మరాఠీలో చెప్పింది: ఇది కొండ దిగితే బతకదు, చెరువు మొహం చూడదు, ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. అత్తమ్మకు మరాఠీ అంతంతమాత్రం. నాకు అంతా అర్థమైంది. అయినా టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి దాన్ని భివండీకి తెచ్చింది నేనే.

“గింతదా? అసలు కప్పేనా గిది?” అని మా గల్లీ ఆడవాళ్లు నవ్వారు.

“గింతదైతేంది? కప్ప కప్పే,” అంది అత్తమ్మ.

రోజూ నూలు కండెలు చుట్టే వేళ్లు కదా, మెత్తగా కడతానని ఆ పని నాకే అప్పగించారు. వేపాకుల మధ్య నూలుపోగుతో రోకలికి కట్టాను. చెరువు ఎరగని ప్రాణి నెత్తిన అందరూ నీళ్లు కుమ్మరించారు. నేనూ ఒక చెంబు పోశాను. మూడో గల్లీ తిరిగేసరికి అది కదలడం మానేసింది.

నాలుగో రోజు ఊళ్లో వాన పడింది. “సూసినవా బిడ్డా, తల్లి ఇన్నది,” అని అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. నాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు? ఆ వెనకే సిగ్గేసింది.

మరుసటేడు మళ్లీ వాన ఆలస్యం. మళ్లీ అదే గుడికి వెళ్లాం. అత్తమ్మ డబ్బా తనే తెచ్చుకుంది. చుట్టూ పొదల్లో టిక్ టిక్‌మని కప్పలు ఒకటే కూత. ముప్పై ఏళ్లు సాంచెల, అదే మరమగ్గాల, మోతలో పనిచేసిన ఆమె చెవులకు అంత సన్నటి చప్పుడు అందదు.

“ఉన్నయా బిడ్డా?” అని అడిగింది.

సాంచెల దగ్గర మేం మాట్లాడుకునేది సైగలతోనే. ఇక్కడా అలాగే చేయి అడ్డంగా ఊపాను, లేవని.

“మరి తమ్ముని చేను ఎట్ల?” అంది, నా మొహంలోకి చూస్తూ.

ఖాళీ డబ్బా ఆమె చేతిలోంచి తీసుకుని మూత బిగించాను.