చెవి మేస్త్రీ, బావగారి బండి

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్ మీద పెట్టి, దాని చెక్క పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషి ఏ దేశపు షెడ్డులోనైనా ఒకడుంటాడు. వెనకటి వైద్యులు గొట్టం కనిపెట్టక ముందు రోగి ఛాతీకి నేరుగా చెవి పెట్టి వినేవారట. వాళ్ళు మానేసిన పనిని మెకానిక్కులు ఇంకా మానలేదు. మన మేస్త్రీ అందులో ఘటికుడు. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు వింటే చాలు, ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేసేవాడు. అందుకే అందరికీ చెవి మేస్త్రీ అయ్యాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పక్క వీధిలోనే అక్క ఇల్లు. రెండు పూటలా భోజనం అక్కడే. "సంబంధాలు రాక కాదు, వచ్చిన ప్రతి పిల్లనీ మెకానిక్ చూపు చూస్తే ఎవరు చేసుకుంటారు?" అని బావ అన్నం తినేటప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు. మేస్త్రీ తల వంచుకుని తినేవాడు. బావతో మాటల్లో గెలవడం అతని వల్ల కాదు.

అతనిది రేకుల షెడ్డు. లోపల రెండు కార్లు పడతాయి, మూడోది వచ్చిందంటే వీధిలో నిలబడాల్సిందే. ఎడమ గోడకు వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో అట్టముక్క, ఒక్కో అట్ట ఒక్కో బండిది. ఆయిల్ ఎప్పుడు మార్చింది, బెల్టు ఎప్పుడు వేసింది, మళ్ళీ ఎప్పుడు రావాలి, అన్నీ గుండ్రటి చేతిరాతలో. చెప్పిన తేదీకి వారం ఆలస్యంగా వచ్చినవాడికి అక్షింతలు తప్పేవి కావు. "నీకు వారం పాటు అన్నం పెట్టకపోతే ఊరుకుంటావా? దానికి నోరు లేదనే కదా ఈ ధీమా!"

ఆ గోడ మీద అట్ట లేని బండి ఒక్కటే. అది బావది.

బావ టాక్సీ నడుపుతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కారు, అదే ఇంజన్. అయిదుగురు పట్టే కారులో తొమ్మిది మందిని కూరేవాడు; పైన సామాను సరేసరి. ఊరి వెనక కొండ రోడ్డు మీద రెండో గేరులో, ఇంజన్ గొంతు చించుకుంటుంటే, లారీలను దాటేవాడు. ఒక వానాకాలం చక్రాలు మునిగే నీళ్ళలోంచి ఈలేసుకుంటూ వచ్చాడు. సర్వీసు మాటెత్తితే "చేయిద్దాం లేరా" అనేవాడు. ఆ చేయిద్దాం లేరాకు పాతికేళ్ళు నిండాయి.

అదే రకం బండి ఊళ్ళో ఇంకొకటుంది, రిటైరైన హెడ్మాస్టరు గారిది. ఆదివారం తప్ప బయటికి రాదు. గోడ మీద నాలుగో మేకు దానిదే. ఒక్క తేదీ తప్పలేదు. అయినా దాని ఇంజన్ ఇప్పటికి రెండుసార్లు విప్పాల్సి వచ్చింది.

పాతకాలం ఇంజన్ ఎందుకు మొండిగా బతుకుతుందో మేస్త్రీకి తెలియక కాదు. దళసరి ఇనుము, తక్కువ బలం, లోపలి భాగాల మధ్య కాస్త వెసులుబాటు. ఈ కాలపు వాటిలా వెంట్రుకవాసి తేడాకే అలిగి కూర్చోవడం దానికి చేతకాదు. కొత్తది కొలిచి కుట్టిన చొక్కా అయితే పాతది వదులుగా తొడుక్కున్న లాల్చీ. అంతవరకు సరే. కానీ మరీ ఇంత పట్టించుకోకుండా, ముప్ఫై ఒక్క ఏళ్ళా? పొద్దున్నే బావ బండి హారన్ కొట్టుకుంటూ షెడ్డు ముందు నుంచి పోతుంటే, తను ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకొచ్చిన పాఠాన్ని చూసి ఎవరో పకపకా నవ్వి వెళ్ళినట్టుండేది మేస్త్రీకి.

అలాంటి బావ ఒకరోజు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. పిత్తాశయంలో రాళ్ళన్నారు. ఆపరేషన్, పది రోజులు ఆసుపత్రిలో. స్ట్రెచర్ మీద పడుకునే తాళంచెవి తీసి బామ్మర్ది చేతిలో పెట్టాడు.

"రోజూ పొద్దున ఓసారి స్టార్ట్ చెయ్యి, బ్యాటరీ చచ్చిపోకుండా. అంతే. ఇంజన్ జోలికి మాత్రం పోకు."

"నేనెందుకు పోతాను బావా?"

"నీ మొహం చూస్తే తెలియట్లా? చెయ్యి దురద పెడుతోంది నీకు. మీ అక్క మీద ఒట్టెయ్యి."

"మధ్యలో నేనెందుకు?" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూనే. "మీ రాళ్ళ మీద వేయించుకోండి."

మేస్త్రీ ఒట్టు వేశాడు. అదీ అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ.

రెండు రోజులు బుద్ధిగా ఉన్నాడు. మూడో రోజు పొద్దున ఆయిల్ కొలిచే కడ్డీ ఒక్కసారి బయటికి లాగి చూశాడు, చూస్తే తప్పేముందని. దాని కొసన తారు. వేలికి అంటితే కిరోసిన్‌తో కడిగినా పోలేదు. మంచం మీద మనిషికి లోపలున్నది తీసి బాగు చేస్తున్నారు, వాకిట్లో బండిని మాత్రం ఇలా వదిలేయడమా? బావ ఇంటికొచ్చి తాళం తిప్పేసరికి ఇంజన్ వీణలా మోగాలి. అప్పుడు మొహం చూడాలి. ఆలోచన అటు తిరిగాక మనిషి ఆగలేదు. పాత ఆయిల్ దించేశాడు. కడిగే మందు పోసి పావుగంట తిప్పాడు. అదీ దించి, హెడ్మాస్టరు గారి బండికి వాడే మేలురకం పల్చటి ఆయిల్ పోశాడు. స్టార్ట్ చేస్తే నిజంగానే గొంతు మారింది. మేస్త్రీ కళ్ళు చెమర్చాయి.

ఆ ఆనందం రెండు రోజులు. అయిదో రోజు అక్కకి క్యారియర్ తీసుకుని అదే కారులో ఆసుపత్రికి బయలుదేరాడు. ఎత్తు ఎక్కుతుంటే, లోపల ఆయిల్ అందకపోతే స్టీరింగ్ ముందు వెలిగే ఎర్ర దీపం మినుకుమంది. మరుక్షణం లోపల్నుంచి టక్ టక్‌మని, తలుపు తట్టినట్టు. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండానే అర్థమైంది. గబుక్కున తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. ఆ క్యారియర్ ఆటోలో వెళ్ళింది. బండి తాడు కట్టించుకుని షెడ్డుకు వచ్చింది.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే సంగతి బయటపడింది. ముప్ఫై ఏళ్ళుగా గోడలకు అంటుకుని తన మానాన తానున్న మడ్డి, ఆ కడిగే మందు దెబ్బకు ఊడి, కిందికి జారి, ఆయిల్ లాగే గొట్టం మూతికున్న జాలీని మూసేసింది. నూనె ఉంది, పైకి వెళ్ళే దారి లేదు. ఇంకో అరమైలు పోయుంటే ఇంజన్ పట్టేసేది. ఏ మొండితనాన్ని చూసి తను ఇన్నేళ్ళు కుళ్ళుకున్నాడో దాన్ని, ఎవరూ చంపలేని దాన్ని, తన చేత్తో, ప్రేమతో, పావుగంటలో చంపబోయాడు. మేస్త్రీ కారు కిందే వెల్లకిలా పడి ఉండిపోయాడు చాలాసేపు. లేచాక తోచింది ఒక్కటే: బావకు తెలియకముందే బాగుచేసెయ్యాలి.

మర్నాడు పొద్దున, జాలీ కిరోసిన్ డబ్బాలో నానుతుండగా, ఫోన్ మోగింది.

"ఏరా, ఏం చేస్తున్నావు?"

"ఏముంది బావా, పనే."

"ఇక్కడ ఒకటే మూలుగులు. పిచ్చెక్కుతోంది. నా బండి స్టార్ట్ చేసి ఫోన్ దగ్గర పెట్టు, కాసేపు వింటా."

బావ బండి జాకీల మీద, పొట్ట విప్పుకుని ఉంది. పక్కనే, సర్వీసుకొచ్చిన హెడ్మాస్టరు గారి కారు. అదే కంపెనీ, అదే ఏడాది, అదే ఇంజన్. మేస్త్రీ అందులోకి దూరి తాళం తిప్పి, ఫోన్ బానెట్ మీద పెట్టాడు.

నిమిషం గడిచింది.

"ఎవరి బండిరా అది?" అన్నాడు బావ.

"నీదే బావా."

"నా చెవిలో పువ్వు పెట్టకు. నాదానికి మూడో సిలిండర్ నత్తి. ప్ర.. ప్ర.. అని రెండుసార్లు ఆగి మాట్లాడుతుంది. ఇదేదో పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెబుతోంది. హెడ్మాస్టరుదా?"

ఊళ్ళో చెవి అంటే తనదొక్కటే అనుకున్న మనిషి ఇంజన్ ఆపేశాడు.

"బావా... ఆయిల్ మార్చాను."

"ఇంకా?"

"లోపల కడిగాను. మందు పోసి."

అవతల ఎవరో దగ్గారు. ఫోన్ కట్టయింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్తే అక్క వరండాలోనే పట్టుకుంది. "పొద్దుట్నుంచి గోడ వైపు తిరిగి పడుకున్నారు. మాట లేదు, మంచినీళ్ళు లేవు. ఏం చేశావురా? నా నెత్తి మీద పెట్టిన చెయ్యే కదా అది!"

మేస్త్రీ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. గోడ మాట్లాడింది.

"అందులో ఆయిల్ ఎన్నాళ్ళదనుకున్నావు?"

"పాతికేళ్ళది."

"వారం రోజులదిరా. అది తాగుతుంది, నేను పోస్తాను. నాలుగు రోజులకోసారి, చిక్కటిది. తాగింది తాగినట్టే పోయాలి, ఒక్కరోజు మరిచింది లేదు. పొద్దున్నే అద్దాలు నాలుగు పక్కలా తుడుస్తాను చూడు, బేరాల కోసం అనుకున్నావా? స్టార్ట్ చేసి తుడుస్తాను. తుడవడం అయ్యేసరికి అది ఒళ్ళు వేడెక్కించుకుంటుంది. అప్పటిదాకా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టను. కొండ ఎక్కేముందు రేడియేటర్లో నీళ్ళు చూడకుండా ఎప్పుడైనా కదిలానా?"

"ఎంత కొత్తది పోసినా మడ్డి లోపలే ఉంటుంది కదా బావా. దించాలి కదా."

"ఉంటే ఉంది. దాని చోట అది పడుంది. లేపిందెవరు?"

మేస్త్రీ నేల చూశాడు. "ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడిగావా? ముప్ఫై ఏళ్ళుగా నాకు చెప్పడానికే వచ్చావు. ఇనుము ఏమందో చెవి కోసుకుని వింటావు, మనిషి ఏమన్నాడో నీకక్కర్లేదు." బావ మెల్లగా ఇటు తిరిగాడు. పక్కలో కుట్లు లాగినట్టున్నాయి, మొహం చిట్లించాడు. "పదో రోజు పంపిస్తారట. నా బండిలోనే ఇంటికొస్తా. అది రాకపోతే నడిచొస్తా. ఈ కుట్లతోనే."

బావ మొండితనం తెలిసిన మనిషి కాబట్టి మేస్త్రీ అటునుంచి అటే పాత ఇనుము కొట్టుకు పోయాడు. చాంబర్ విప్పినప్పుడు బేరింగులు చూశాడు. బేరింగు లోపలి పల్చటి రేకుల్లో ఒకదానికి వెండిరంగు పూత పోయి రాగి రంగు తేలింది. దాంట్లో తిరిగే ఉక్కు కడ్డీ మాత్రం నున్నగా, గీత పడకుండా ఉంది. రేకులు మారిస్తే బతుకుతుంది. కానీ ఆ రకం రేకులు తయారవడం మానేసి ఎన్నాళ్ళో అయింది.

కొట్టావిడ ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి విన్నది. "పాత ఇంజన్లు చావవు మేస్త్రీ, కొత్తవే దండగ అని వచ్చిన ప్రతివాడూ అంటాడు" అంటూ గోడ వారగా చెయ్యి చూపించింది. బావ కారు ఇంజన్ లాంటివే ఆరు, తుప్పుపట్టి, ఒకదాని మీద ఒకటి. "మరి ఇవేంటి, నిద్రపోతున్నాయా? రోడ్డు మీద కనపడేది బతికినదే. పోయినవాటి సంగతి నన్నడగాలి."

మేస్త్రీ వాటి ముందు కాసేపు నిలబడ్డాడు. వీటిలో ఏ ఒక్కదాని యజమానీ పొద్దున్నే అద్దాలు తుడిచి ఉండడు అనిపించింది. ఆవిడ అటక మీద వెతికి వెతికి, మైనం కాగితం కూడా విప్పని రేకుల పొట్లం ఒకటి దులిపి ఇచ్చింది.

తర్వాత మూడు రోజులు షెడ్డు తలుపు సగం మూసే ఉంది. చాంబర్‌ను గోకి, తుడిచి, జాలీని రంధ్రం రంధ్రం వెలుగులో చూసి, రేకులు వేసి, బోల్టులు ఒక్కోటీ రెండేసి సార్లు బిగించాడు. ఈసారి చిక్కటి ఆయిల్ పోశాడు. తొమ్మిదో రోజు సాయంత్రం తాళం తిప్పితే టక్ టక్ లేదు. దీపం వెలిగి వెంటనే ఆరిపోయింది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు. ఒకటోది బాగుంది, రెండోది బాగుంది, నాలుగోది బాగుంది. మూడోది ప్ర.. ప్ర.. అంటోంది. వాల్వు సందు. స్పానర్ పెట్టి చిటికెడు తిప్పితే పోయే నత్తి. పది నిమిషాల పని.

స్పానర్ చేతిలోకి వచ్చేసింది కూడా. దాన్ని అలా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి దాని మేకుకు దాన్ని తగిలించి, బానెట్ దించాడు.

పదో రోజు పొద్దున ఆసుపత్రి పోర్టికోలో బావ చెప్పులేసుకుని, చేతిలో సంచితో నిలబడ్డాడు. పక్కన అక్క. బండి గేటు తిరుగుతుండగానే బావ కళ్ళు మూసుకోవడం మేస్త్రీ ముందు అద్దంలోంచి చూశాడు. బండి వచ్చి ఆగినా ఇంజన్ ఆపలేదు. బావ కళ్ళు తెరవకుండానే తడుముకుంటూ వచ్చి బానెట్ మీద అరచెయ్యి వేశాడు.

"మూడోదాన్ని ముట్టుకోలేదా?"

"లేదు."

"దురద పెట్టలేదా?"

"పెట్టింది. బాగా."

బావ సంచి అక్కకిచ్చి, ముందు తలుపు తీసుకుని, పొట్ట పట్టుకుని నెమ్మదిగా సర్దుకుని కూర్చున్నాడు. మేస్త్రీ గేరు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అద్దాలు తుడిచావా?"

"ఇంజన్ వేడెక్కే ఉంది బావా. ఇంటి నుంచి వచ్చింది కదా."

"తుడిచావా లేదా?"

"ఇద్దరికీ ఒకటే పిచ్చి" అంది అక్క వెనక సీట్లోంచి. "తుడిచి రారా, లేకపోతే ఇక్కడే ఉంటాం."

సీటు కింద గుడ్డ ఎక్కడుంటుందో బావ చెప్పాడు. మేస్త్రీ దిగి ముందు అద్దం తుడిచాడు, కుడి పక్క తుడిచాడు, వెనక్కి వెళ్ళి వెనకది తుడిచాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంటే బానెట్ కింద మూడోది రెండుసార్లు ఆగి, మాట కూడగట్టుకుని, మళ్ళీ అందుకుంటోంది. స్క్రూడ్రైవర్ షెడ్డులోనే ఉండిపోయింది. ఎడమ పక్క, బావ వైపు అద్దం దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి బావ దాన్ని దించి, ఇది నేను తుడుస్తానన్నట్టు గుడ్డ అందుకోవడానికి చెయ్యి చాచాడు.