కారుకి అడ్డం నిలబడ్డ రేసు డ్రైవరు

ఆ ముసలాయన మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. చెప్పింది నిజమే అయినా తగ్గలేదు.

మా ఆయన కెనడాలో, ఒషావా ఊళ్లో కాలేజీలో చేరిన ఏడాది ఎటు చూసినా మన విద్యార్థులే. పార్ట్‌టైమ్ పని దొరకడమే గగనం. నాకు మాత్రం పిల్లలు చిన్న రేసు కార్లు నడిపే ట్రాకులో కౌంటరు పని దొరికింది. దాని యజమానే ఆ ముసలాయన, రిటైరైన అమెరికన్ రేసు డ్రైవరు. పైకప్పు లేని, చక్రాలు బయటికి కనిపించే కార్లు నడిపినవాడు. గోడ నిండా ఆయన ఫొటోలే. మట్టి ట్రాకు మీద కుర్రాడు, కప్పు ఎత్తిన యువకుడు, చివర్న గోడకు గుద్దుకుని ముక్కలైన కారు. ఆ ప్రమాదంలో రెండు కాళ్లూ విరిగి కెరీర్ ముగిసింది. పుట్టినరోజు పార్టీలకొచ్చిన పిల్లలకు దాన్ని జోకులేస్తూ చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. అప్పటికి ఆయన కొడుకు పసివాడట. ఇంట్లో పసివాణ్ణి పెట్టుకుని ఎవరైనా అలా రేసులంటూ తిరుగుతారా?

ఒక శనివారం షిఫ్టు అయ్యాక మా ఆయన పాపతో కారులో వచ్చారు. పిల్లల సీటులో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను వెనక కూర్చుని, పాపను ఒళ్లోకి తీసుకుని, సీటు బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టాను. అలా అయితే ఇంకా భద్రమనుకున్నాను. మా ఊళ్లో బైకు మీద కూడా చంటిపిల్లలను ఒళ్లోనే పట్టుకుంటాం.

నేను మర్చిపోయిన లంచ్ బాక్సు ఇవ్వడానికి ముసలాయన కుంటుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి చూశాడు. కారు ముందుకెళ్లి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"ఇంజన్ ఆపు!"

"ఐదు నిమిషాల దారే సార్, స్లోగా వెళ్తా," అన్నారు మా ఆయన.

"నేను గోడను గుద్దడానికి ఒక్క సెకను పట్టలేదు. అమ్మాయ్, కారు గుద్దుకుంటే నీ బరువంతా పాప మీదే. బెల్టుకీ నీకూ మధ్య నలిగిపోతుంది."

పని కోసం రెజ్యూమెలు పట్టుకొచ్చిన మన విద్యార్థులు ఆఫీసు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"మీ అబ్బాయిని మీరు పెంచారా?" అనేశాను.

"లేదు. వాళ్లమ్మే పెంచింది. సీటులో కూర్చోబెట్టి," అన్నాడు. కదల్లేదు.

మా ఆయన వెనక్కి తిరిగారు. "పాపను సీటులో పెట్టేయవే, నీ ఉద్యోగం పోతుంది."

"పాప పోతుందని కాదా? ఉద్యోగం పోతుందనా నీ భయం?"

అరిచాక గానీ నా మాట నాకు వినపడలేదు. పాపను సీటులో పెట్టి బెల్టు బిగించాను. అప్పుడు ముసలాయన తప్పుకున్నాడు.

ఇల్లు చేరేదాకా పాప ఏడుస్తూనే ఉంది. దాని పాదం పట్టుకుని, ముసలాయన్నీ మా ఆయన్నీ నన్నూ తిట్టుకుంటూ కూర్చున్నాను. బెల్టు మాత్రం విప్పలేదు.