మోట మీద మోక్షం

మొన్న కామారెడ్డిలో ఒక మిత్రుడి గృహప్రవేశానికి వెళ్లాను. పందిట్లో మైకు కట్టి గ్రామఫోను మీద సంస్కృత శ్లోకాల రికార్డు వేశారు. ఆ ధ్వనికి స్టేషన్లో మూడు రోజులుగా ఆగివున్న గూడ్సుబండి కూడా కదిలిపోయిందని నా గట్టి నమ్మకం. మొదటి శ్లోకం సగమయ్యేసరికి నా నడుం దానంతటదే ముందుకు వాలింది. మిగతా సగంలో వెనక్కి వచ్చింది. ఇట్లా నాలుగు శ్లోకాలు ఊగాక, పక్కనున్న పెద్దమనిషి "కడుపునొప్పా?" అని గుసగుసగా అడిగి వాము తెప్పించబోయాడు. కాదు, మా బాపు దగ్గర అంటుకున్న అలవాటని చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి నడవాలి. అప్పుడే వడ్డన మొదలైంది గనక నడవలేదు. ఇప్పుడు నడుస్తాను.

మా ఊరు ఎల్లారెడ్డికి రెండు కోసుల దూరం. పోచారం కాలువ చుట్టుపక్కల పొలాలన్నీ తడిపి, మా పొలాన్ని చూడగానే అలిగి పక్కకు తప్పుకుంది. కాబట్టి మాకు మోటబావే దిక్కు. మా బాపు నిజాం కాలపు చదువు చదివినవాడు. ఆయన ఉర్దూలో అర్జీ రాస్తే తహసీల్దారు అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, కళ్లు కూడా తుడుచుకునేవాడు. దేవభాషలో మాత్రం ఆయనకు ఒక్క అక్షరం పరిచయం లేదు. ఆయన తల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్లం. ఆమె వయసు తొంభై అని మా అంచనా, నూటపది అని ఆమె వాదన. పందొమ్మిది వందల ముప్పైల చివర్లో ఒక చలికాలం అవ్వ మంచం పట్టింది. నేను కామారెడ్డి బియ్యం మిల్లులో పని మానుకుని ఇంటికి వచ్చేశాను.

ఎల్లారెడ్డి నుంచి పురోహితుడు అయ్యగారు తట్టు గుర్రం మీద వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పేవాడు. ఆ తట్టు ఎంత పొట్టిదంటే, ఎక్కడం కాదు, ఆయన దాన్ని తొడుక్కున్నట్టుండేది. ఒకనాడు పురుషార్థాల సంగతి ఎత్తాడు. "మనిషికి నాలుగు అవ్వా. ధర్మం, అర్థం, కామం, మోక్షం. నీకు మొదటి రెండు అయినయి. కోరికేమన్న మిగిలుంటే చెప్పు, అది తీరితెనే నాలుగోది."

"ఒక్కటున్నది అయ్యగారూ. పోయేముందు నా కొడుకు నోట దేవుని శ్లోకాలు వినాలె."

"నేను చదువుత గద?"

"మీరు ఊరందరికి చదువుతరు. నేను కన్నోడు చదవాలె. గది తీరకుంటె ఏమైతది?"

"మల్ల పుట్టాలె."

నెల రోజులుగా తల ఎత్తని మనిషి మోచేతి మీద లేచింది. "మల్ల పుడితె మల్ల పెండ్లి, మల్ల అత్త. గా అత్తనే మల్ల దొరికితె నేనేం గావాలె?"

అందరం నవ్వాం, బాపు నవ్వలేదు. మరుసటి ఉదయం నుంచే అయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పద్దెనిమిది అధ్యాయాల గ్రంథంలో ఇరవై శ్లోకాల పొట్టి అధ్యాయాన్ని అయ్యగారు ఎంచాడు. పుస్తకం చదవరాదు గనక అంతా నోటిపాఠమే. వల్లె వేసే తీరిక మాత్రం బాపుకు మోట తోలేటప్పుడే. ఎద్దులు వాలులో దిగుతుంటే ఆయన మోకు మీద కూచుని ముందుకు వాలి మొదటి పంక్తి అనేవాడు. తోలు బొక్కెన పైకొచ్చి నీళ్లు గుమ్మరించేది. ఎద్దులు వెనక్కి ఎక్కుతుంటే వెనక్కి వాలి రెండో పంక్తి అనేవాడు. శ్లోకానికొక బొక్కెన. పదిహేను రోజులకే ఎద్దులు ఎంత పండితులయ్యాయంటే, బాపు ఒక పాదం మింగితే అవి నడి వాలులో నిలబడి వెనక్కి చూసేవి.

రెండు నెలలకు ఇరవై శ్లోకాలూ వచ్చాయి. అప్పటికి అవ్వ మూడు రోజులుగా అంబలి ముట్టలేదు, చెంచాతో నీళ్లే. ఆలస్యం చేస్తే లాభం లేదని ఏకాదశి పొద్దున బాపు స్నానం చేసి, మడిపంచె కట్టి, అవ్వ మంచం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. బాపు నోరు తెరిచాడు. శ్లోకం రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచాడు. "హో... హో..." అని ఎద్దుల అదిలింపు వచ్చింది.

అవ్వ నీరసంగా అంది: "ఏందిరా, గిదేనా మోక్షం?"

బాపు చెమట తుడుచుకుంటున్నాడు. ఆ చెమటతో పావు ఎకరం తడిసేది. "నిన్న బాయి కాడ అన్నీ అప్పజెప్పిన అవ్వా. గీడ కూసుంటె ఒక్కటి వస్తలేదు." ఈసారి మేమెవరమూ నవ్వలేదు.

మా అమ్మ చెంగు సర్దుకుని ముందుకొచ్చింది. "ఆయనకు ఎద్దులు లేకుంటె నోరు లెవ్వది. అత్తనే బాయి కాడికి తీస్కపోదాం."

అయ్యగారు చటుక్కున కళ్లు తెరిచాడు. "తోలు బొక్కెన కాడ శ్లోకమా? మైల గాదా?"

అవ్వ ఆయన వైపు మెల్లగా తల తిప్పింది. "గా బొక్కెన నీళ్లతోని పండిన బియ్యమే అయ్యగారూ, ఏటేటా మీరు తీస్కపోయేటివి. బియ్యానికి అంటని మైల శ్లోకానికి అంటుతదా?"

అయ్యగారు చెప్పులు కూడా తొడుక్కోకుండా, అందరికన్నా ముందు తానే బావి దారి పట్టాడు.

నలుగురం మంచం మోశాం. అవ్వ బరువు పిచ్చుకంత, ఆమె సలహాల బరువు ఏనుగంత: "మెల్లగ రా, గుంత చూస్కో, నన్ను మోస్తున్నవా జొన్నమూట మోస్తున్నవా?" బావి దగ్గర నీడలో దించాం. బాపు మోకు మీద కూర్చున్నాడో లేదో, ఎద్దులు కదిలాయి, శ్లోకం దొర్లుకుంటూ వచ్చింది. ఇరవై బొక్కెనలు, ఇరవై శ్లోకాలు. చివరి నీళ్లు కాలువలో పారుతుంటే చూస్తే, అవ్వ కళ్లు మూసుకుని కదలకుండా ఉంది. అమ్మ శోకం ఎత్తబోయింది.

అవ్వ ఒక కన్ను తెరిచింది. "ఇంకెన్నున్నయిరా?"

"పదిహేడు అధ్యాయాలు అవ్వా."

"అయితె ఇప్పుడే పోను. అంబలి తేపో."

అయ్యగారు తల పట్టుకున్నాడు. కోరిక తీరిస్తే నాలుగోది వస్తుందన్న మనిషి కళ్ల ముందే, ఒక్క కోరిక పదిహేడయింది. ఆ తరువాత మూడేళ్లు అవ్వ మంచం బావికీ ఇంటికీ మధ్య తిరిగింది. ఇంకా రెండే అధ్యాయాలు మిగిలినప్పుడు ముసురు పట్టింది. బావి నిండింది, మోటకు పని లేదు, ఎద్దులు కొట్టంలో ఉన్నాయి. అవ్వ మళ్లీ చెంచా నీళ్ల మీదికి వచ్చింది. బాపు ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. తరువాత నెమ్మదిగా ముందుకు వాలాడు. మొదటి పంక్తి వచ్చింది. వెనక్కి వాలాడు, రెండోది వచ్చింది. అట్లా ఊగుతూ రెండు అధ్యాయాలూ, ఎక్కడా ఆగకుండా.

"అయిపోయినయారా?"

"అయిపోయినయ్ అవ్వా."

"ఇగ ఏం లేదు," అని అవ్వ కళ్లు మూసుకుంది, రెండూ. ఆ మూడేళ్లు ఆమెకు ఇంకెన్ని రోజులున్నాయోనని మేము రోజులు చూస్తూ గడిపాం; ఆమె మాత్రం అధ్యాయాల్లో బతికింది.