పసుపు మరకల మీద పడిన నింద

అది 2022. అనకాపల్లి శివార్లలో ఒక చిన్న షెడ్డులో నేను క్వాలిటీ టెక్నీషియన్‌ని. సోలార్ పలక వెనక అతికించే పొరను బ్యాక్‌షీట్ అంటారు. లోపలికి తేమ పోకుండా కాపాడేది అదే. అందరూ ప్లాస్టిక్‌తో చేస్తారు, మేము చెరకు పిప్పి నుంచి తీసిన పాలిమర్‌తో చేసేవాళ్ళం.

ట్రయల్ కోసం కోటవురట్ల రైతు అప్పలనాయుడుగారి బావి మోటారుకు మా పలకలు బిగించాం. పిప్పి కూడా ఆయన గానుగ దగ్గరిదే. కరెంటు లైను లేని చెరకు మడి అది, ఆ మోటారే దిక్కు.

"మా సెరకే మా సెరక్కి నీల్లు తోడతాదన్నమాట!" అని ఆయన మురిసిపోయారు. మా మేనేజరు పక్కన నిలబడి ఫొటో దిగాడు.

దసరాకి నాయుడుగారు నాగలినీ మోటారునీ కడిగినట్టే పలకల్నీ ముందూ వెనకా కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టారు. మా వైపు పనిముట్లకు పూజ చేయని రైతు ఎవరున్నారు?

వేసవి వచ్చేసరికి మోటారు మూలిగి మూలిగి ఆగిపోయింది. వెళ్ళి చూస్తే వెనక పొర అప్పడంలా ఉబ్బి ఊడివస్తోంది. లోపల తీగలు నల్లబడ్డాయి. మేనేజరుకు మాత్రం పసుపు మరకలే కనిపించాయి.

"నీళ్ళు పోశారు. వారంటీ చెల్లదు" అనేశాడు.

"తప్పు నాదేనేటమ్మా?" నాయుడుగారు నావైపు తిరిగారు. "సెరకు వానలో పెరిగిందే గదా. పలకైనాక నీల్లు తగలకూడదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నాయుడుగారి ఎదుటే మేనేజర్ని అడిగేశాను: "మన షెడ్డు మీద పరీక్షకు పెట్టిన పలకలకు ఎవరు పూజ చేశారు సార్? అవీ ఇలాగే ఉబ్బాయి కదా!"

"వాటిని మనం ఎవరికీ ఇవ్వలేదుగా" అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమే.

రిపోర్టులో 'వాడినవారి పొరపాటు' అని రాయించాడు. నేను సంతకం పెట్టనంటే ఇంకొకరి చేత పెట్టించాడు. కొత్త పలకలు రాలేదు. మడి ఎండిపోయింది, నాయుడుగారు ఆ చెరకును పశువులకు కోసి వేశారు. ఆయన ఫొటో మాత్రం మా బ్రోషరు మీద నవ్వుతూనే ఉంది.

పిప్పి పాలిమర్ మీద నాకు కోపం లేదు. ఓపిగ్గా ఇంకా పరీక్షించి ఉంటే నిలబడేదేమో. వస్తువు ఎందుకు పాడైందో కనిపెట్టడం మా వృత్తి. కనిపెట్టాక కూడా తప్పును నోరులేనివాడి నెత్తిన రుద్దేయవచ్చని నాకు తెలిసింది అక్కడే.

ఆ పైదసరాకి వాళ్ళ పొలానికి వెళ్ళాను. నాగలికి పసుపు ఉంది, ఆగిపోయిన మోటారుకీ ఉంది. పలకలు మాత్రం దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

"వీటికి పెట్టలేదేం?" అన్నాను.

"ఒద్దమ్మా. మల్లీ నా సెయ్యే తగిలిందంతారు."