ఏ అరకీ చెందని ముక్క

ఆరిగన్‌లో ఒక కలప కోతమిల్లులో వెర్నా చదువు మానేసి చేరింది. జుట్టు అక్కడే నెరిసింది. రోజూ ఎవరో ఒకరి మీద విరుచుకుపడటం ఆమెకు మామూలే. కానీ ఆ సోమవారం కోపం హద్దు దాటింది. తమ్ముడు ఆరిన్ ఒక వేలు పోగొట్టుకుని, కట్టు విప్పించుకుని మళ్ళీ పనిలోకి వచ్చాడు. అతన్ని మళ్ళీ వేసింది అదే చోట, కోసిన పలకలు కొలతల వారీగా పడే అరల్లో మూడోదాని దగ్గర.

ఎర్ర బటన్ నొక్కి, పలకల్ని అరల దాకా మోసుకొచ్చే గొలుసు ఆపేసి, వెర్నా నేరుగా మిషన్ ప్రోగ్రాం రాసే లైల్ గదిలోకి వెళ్ళింది.

"ఏరా, బాగుచేశావా?"

"ఏం చెయ్యాలి వెర్నక్కా? ఎనిమిదడుగుల పలకైతే ఒకటో అర తలుపు తెరుచుకుంటుంది, పదైతే రెండోది, పన్నెండైతే మూడోది. అర నిండితే తెరుచుకోదు."

"నిండిందని దీపం వెలిగాకే కదరా వాడు చెయ్యి పెట్టి సర్దుతున్నది! మరి ఆ రోజు విరిగిన ముక్క వాడి వేలి మీద ఎలా పడింది?"

లైల్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "అది ఏ కొలతకీ సరిపోదు. సరిపోకపోతే ఏం చెయ్యాలో ప్రోగ్రాంలో లేదు. కిందటిసారి ఏ తలుపు తెరిచిందో, నిండిందా లేదా చూడకుండా అదే మళ్ళీ తెరుస్తుంది."

"లేదా? ఎందుకు లేదు?"

"రాశానక్కా. ఇవేవీ కాకపోతే గొలుసు ఆపెయ్యమని. మాటిమాటికీ ఆగుతోందని హాస్కెల్ సారే తీయించాడు."

"తియ్యమంటే తీసేశావా? నీ చెయ్యే అక్కడుంటే?"

లైల్ గది అద్దం వైపు తిరిగాడు. అద్దం అవతల ఆరిన్ పళ్ళతో గ్లవ్ పైకి లాక్కుంటున్నాడు. ఖాళీగా ఉన్న వేలు తొడుగు ఊగుతోంది.

తలుపు ధడాలున తెరుచుకుంది. మేనేజర్ హాస్కెల్.

"ఎవరు ఆపింది?"

"నేనే."

"ఇంటికి పంపించెయ్యమంటావా?"

"పంపించు. నేను పోయేముందు నువ్వెళ్ళి ఆ అరలో చెయ్యి పెట్టు, సార్. నేనిక్కణ్ణించి చూస్తా."

హాస్కెల్ అద్దంలోంచి ఒకసారి అటు చూశాడు. తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ చెప్పకుండానే లైల్ కీబోర్డు దగ్గరికి జరిగి, తీసేసింది మళ్ళీ రాశాడు.

గొలుసు మళ్ళీ కదిలింది. మూడో అర దీపం వెలిగింది, ఆరిన్ చెయ్యి లోపల పెట్టాడు. అప్పుడే చీలిపోయిన ముక్క ఒకటి వచ్చింది. గొలుసు దానంతటదే ఆగిపోయింది. ఆరిన్ మెల్లగా చెయ్యి బయటికి తీసుకుని, తిరగేసి చూసుకున్నాడు.

వెర్నా ఊపిరి పీల్చుకుంది గానీ కోపం పోలేదు.

"ఎంతసేపు పట్టిందిరా, లైల్?"

"ఒక్క లైనే అక్కా."

"ఒక్క లైను!" అంటూ అతని కప్పు గోడకేసి కొట్టింది.