లచ్చయ్య పచ్చదనం, శాంతమ్మ ఎర్ర బస్తా

మా లచ్చయ్య మామకు ప్రపంచంలో నచ్చే రంగు ఒక్కటే, పచ్చ. అది మామూలు పచ్చ కాదు, ఇంకాస్త ముదిరితే నల్లబడేంత పచ్చ. మునగాల దగ్గర హైవేను ఆనుకొని ఉన్న ఆయన వరి పొలం కోదాడ బస్సులో వెళ్లేవాళ్లకు కిటికీలోంచి కనిపించాలి, చూసి వాళ్లు కుళ్లుకోవాలి. అందుకోసం ముప్పై ఏళ్లుగా యూరియా చల్లుతున్నాడు. పక్క పొలం నాదే కాబట్టి చెబుతున్నాను, ఎంత చల్లాలని ఆయన ఏనాడూ ఎవర్నీ అడగలేదు. నాట్లేసి, కలుపు తీసి నడుము పడిపోయిన శాంతమ్మ అత్తనైతే అసలే అడగలేదు.

మొన్న వానకాలం యూరియాకు కరువొచ్చింది. కోదాడలో ఎరువుల షాపు ముందు మనుషులకు బదులు చెప్పులు లైన్లో నిలబడ్డాయి. మామ చెప్పులు పద్నాలుగో చోట, నావి పదిహేనో చోట. మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. "రెండు కట్టలు యూరియా కావాలంటే ఒక కట్ట పొటాష్ తీసుకోవాల్సిందేనండీ" అన్నాడు షాపాయన చంద్రమౌళి. మామ అరగంట అరిచాడు. అరిచి అరిచి తీసుకున్నాడు. ఎర్రటి ఉప్పులా ఉండే ఆ పొటాష్ బస్తాను తెచ్చి పశువుల కొట్టంలో ఓ మూలకు విసిరేశాడు. నాలుగు రోజులకు దాని మీద కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

దసరా వెళ్లాక ఫోన్లో ఏదో వీడియో చూసి మామ ఆలుగడ్డ మీద మనసు పడ్డాడు. ఇరవై గుంటల చెలక దున్నించాడు. జహీరాబాద్ దిక్కు ఉండే అత్త చెల్లెలు సుక్కమ్మ విత్తనం గడ్డలు పంపింది. నాటే రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"పొటాష్ బస్తా తియ్యి. బోదెలల్ల ఎయ్యాలె" అంది అత్త.

"మనకు అంటగట్టిన ఎరువా? యూరియా ఉండంగ గదెందుకే?"

"మా సుక్క కాడ పది రోజులు ఆలుగడ్డ పనికి పోయిన. సూసిన. ఆకు వంట వండుతది. గా వంటను కింద గడ్డకు మోసేది పొటాష్. మోసేటోడు లేకుంటె గడ్డకు ఉపాసమే."

"నాకే ఎవుసం నేర్పుతవా?"

ఆ మాటతో అత్తకు కోపం నషాళానికంటింది. బోరు మోటరు దించే తాడు తెచ్చి చేను నడిమిట్ల లాగి కట్టేసింది.

"గిటు పది గుంటలు నీయి, గటు పది నాయి. ఎవలి గడ్డ పెద్దగ ఉంటె ఇగ ఈ ఇంట్ల ఎరువు మాట వాళ్లదే. ఓడినోళ్లు నోరు మూసుకోవాలె."

మామ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటేనని నాకప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే నవ్వేవాణ్ణి కాదు.

అత్త కోడిని గంపలోకి మార్చి బస్తా విప్పింది. తన వైపుకు సరిపడా తీసి సగం నాటేటప్పుడు బోదెల్లో వేసింది, మిగతా సగం నెల తర్వాత మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోసేటప్పుడు వేసింది. యూరియా మాత్రం లెక్కగా కొంచెమే. మామ అదే యూరియాను పెళ్లిలో అక్షింతల్లా చల్లాడు. ఆయన వైపు చేను ఎగిసిపడింది. చూడవచ్చినవాళ్లను తాడుకు ఇవతలే నిలబెట్టి ఫోటోలు తీయించి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "అదిరింది మామా" అని మొదట రాసింది నేనే. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

మూడో నెల చివరికి అత్త వైపు ఆకులు పసుపెక్కాయి.

"శాంతమ్మా, నీ చేనుకు కామెర్లయినయ్! దవాఖానకు తోలుకపోవాల్నా?" అన్నాడు మామ.

అత్త ఒక పొద్దున ఎవరూ లేరనుకొని మొక్క మొదట్లో వేలు పెట్టి మట్టి గీకబోయింది. మళ్లీ భయపడి కప్పేసింది. నేను చూడనట్టు గట్టు దిగి వెళ్లిపోయాను.

తవ్వే రోజు మామ పదిమందిని పిలిచి టీ పోయించాడు. మొదటి పార తన వైపే వేశాడు. నడుమెత్తు మొక్కను పీకితే కింద నాలుగు కుంకుడుకాయలు వేలాడాయి.

"గిది మగ మొక్క" అన్నాడు.

రెండోదీ మగదే. మూడో దాని దగ్గర "లోతుకు దిగినయ్" అని మోకాలి లోతు తవ్వాడు. బోరు పైపు తగిలింది కానీ గడ్డ తగల్లేదు.

"ఎలుకలు తిన్నయ్" అన్నాడు చివరికి.

"తాడు దాటి గిటు రాలేదా ఎలుకలు?" అంటూ అత్త పార అందుకుంది. ఆ పసుపు కామెర్లు కాదు, పంట ముదిరిన రంగు. ఎండిన ఒక్క మొక్క కింద పిడికిలంత గడ్డలు ఏడు. పక్క మొక్కకూ అంతే. పదిమందీ టీ గ్లాసులు పక్కన పెట్టి వంగి చూశారు. అత్త ఒక గడ్డను కొంగుతో తుడిచి, బోదె మీద కూర్చుండిపోయింది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి.

"ఏడుస్తవెందుకే? గెలిసినవ్ గద" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

ఫిబ్రవరిలో యాసంగి వరికి ఎరువు కోసం ఇద్దరం కోదాడ వెళ్లాం.

"లచ్చయ్య గారూ, ఈసారి సరుకు ఫుల్లుగా ఉందండీ. యూరియా ఎన్ని కట్టలు రాయమంటారు?" అన్నాడు చంద్రమౌళి.

మామ జేబులోంచి ఫోన్ తీశాడు. స్పీకర్ ఆపడం ఆయనకు రాదు.

"శాంతమ్మా, షాపు కాడ ఉన్న. ఎరువు ఎంత తేవాలె?"

అటునుంచి అత్త గొంతు షాపంతా మోగింది.

"ఏమన్నవయ్యా? ఇనబడ్తలేదు."

మామ మళ్లీ అడిగాడు.

"జర గట్టిగడుగు."

మూడోసారి మామ అరిచిన అరుపుకు రోడ్డవతల టీ కొట్టువాళ్లు కూడా ఇటు తిరిగారు. "ఎరువు ఎంత తేవాలె శాంతమ్మా! నువ్వెంత అంటె గంతే తెస్త!"

"మొదటిసారే ఇనబడ్డది" అంది అత్త. "ముప్పై ఏండ్లకు అడిగినవ్ గద, ఇంగో రెండుసార్లు ఇందామనిపించింది. యూరియా ఒక్క బస్తా, పొటాష్ ఒక్క బస్తా. పట్టుకొని జల్ది రా, బువ్వ సల్లారుతది."