విమానం దాటిపోయేంతసేపు

నక్షత్రాల సంఖ్యను నిర్ణయించి, అంతటితో ఊరుకోక వాటిలో ప్రతిదానికీ పేరు పెట్టి పిలిచే దేవునికి మహిమ కలుగును గాక. మన లెక్కల్లోంచి జారిపోయిన వాళ్లను తన జ్ఞాపకంలో నిలుపుకొనేవాడు ఆయనే. ముందుగా ఆయనను స్తుతించకుండా ఈ నాలుగు మాటలు రాసే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటి ఉంది.

పోయిన ఆదివారం సండేస్కూల్లో పిల్లల చేత కంఠత వాక్యం చెప్పిస్తున్నాను. మా మందిరం శంషాబాద్ దాటాక, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉంటుంది. ఒక పెద్ద విమానం బాగా కిందుగా వచ్చింది. రేకులు అదిరాయి, కిటికీ రెక్క దానంతటదే కొట్టుకుంది. పిల్లల గొంతులు ఆ మోతలో మునిగిపోయాయి గాని పెదవులు ఆగలేదు. పదిహేను నోళ్లు ఒకేసారి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఒక్క మాటా వినిపించడం లేదు. చూస్తూ నిలబడలేకపోయాను. బయటికి వచ్చి కుళాయి కింద ముఖం పెట్టాను. నీళ్ల చప్పుడులో కూడా నాకు అంజమ్మ టీచరే గుర్తొచ్చింది. మీలో ఎవరూ ఆమెను ఎరగరు. ఆమె మన విశ్వాసంలో ఉన్న మనిషి కాదు. అయినా దేవుడు నాకు పెట్టిన గురువుల్లో ఆమెను మించినవాళ్లు లేరని ఈమధ్యనే నోరు తెరిచి ఒప్పుకోగలుగుతున్నాను.

పదకొండేళ్ల కింద, డి.ఎడ్. చేతబట్టుకొని అదే విమానాల దారి కింద ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరాను. అద్దె మేడ, పైన రేకుల గదులు. యూకేజీకి రెండు సెక్షన్లు. ఒకటి నాది, నడుం ఎత్తు గోడకు అవతల ఉన్నది అంజమ్మది. యాభై దాటిన మనిషి. పొలం పోయాక అంగన్‌వాడీలో చేసి, ప్రైవేటుగా ఇంటర్ రాసి, బడికి వచ్చింది. నేనేమో వాక్య పోటీల్లో పెరిగినదాన్ని. కీర్తనలన్నింటిలో పొడవైనదాన్ని పదేళ్లకే తప్పు లేకుండా అప్పజెప్పి మందిరంలో బహుమతి తీసుకున్నాను. నోటికి రావడమే నేర్చుకోవడం అని నాకు గట్టి నమ్మకం. అందుకే నా పిల్లలు రోజూ వన్ నుంచి హండ్రెడ్ దాకా గొంతు చించుకొని చెప్పేవాళ్లు. విమానం వస్తే వాళ్లకన్నా నేను ఎక్కువ అరిచేదాన్ని. సాయంత్రానికి గొంతు పూడుకుపోయేది.

విమానం వచ్చినప్పుడు గోడ అవతల మాత్రం ఒక్క అరుపు ఉండేది కాదు. అంజమ్మ ఒక స్టీలు పళ్లెం ఎత్తేది. అందులో చింతగింజలు, పైన గుడ్డ. గుడ్డను చిటికెలో తీసి మళ్లీ కప్పేసేది. పిల్లలు నోరు మెదపకుండా వేళ్లు ఎత్తేవాళ్లు. విమానం దాటిపోయాక మాటలు మొదలయ్యేవి.

"ఎన్ని?"

"ఏడు!"

"నువ్వెట్ల చూసినవ్ రా?"

"అయిదు గీడ, రెండు గాడ."

"నేను మూడు, మూడు చూసిన టీచర్. ఒకటి ఉత్తగనే పక్కకు కూసున్నది."

"చూసిన్రా, ఒక్కొక్కలు ఒక్కో తీరుగ చూసిన్రు. ఏడు మాత్రం ఏడే ఉన్నది. భలే ముచ్చట గద!"

ఇంకో ఆట ఉండేది. పది గింజల్లో కొన్నింటిని కొబ్బరిచిప్ప కింద దాచి, బయట ఉన్నవి చూపించి లోపల ఎన్ని ఉన్నాయని అడిగేది. పిడికిలి నిండా గింజలు పట్టుకొని, లెక్కపెట్టకముందే ఎన్ని ఉండొచ్చో చెప్పమనేది. తప్పు చెప్పినవాణ్ని చూసి ఎవరైనా నవ్వితే, తర్వాతి పిడికిలి వాడి చేతికే ఇచ్చేది. నేనొకసారి ఉండబట్టలేక, "అక్కా, మరి రాతపని ఎప్పుడు చేపిస్తవ్?" అన్నాను. "ఏడంటే ఏందో ఎరుకైనంక రాస్తరు. ఎరుక లేకుండ రాస్తే అది బొమ్మ గీసినట్టు గాదా?" అంది. నాకది సోమరితనానికి చెప్పే సాకులా అనిపించింది.

ఒకరోజు ఆమె నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, పిల్లలకు నాలుగు గవ్వలు ఇచ్చింది. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు గెంతాలి. మా ఇంట్లో పేక ముక్క గాని, పాచిక గాని గడప తొక్కలేదు. ప్రభువు వస్త్రాల కోసం చీట్లు వేసిన సైనికుల సంగతి వింటూ పెరిగినదాన్ని. గవ్వల గలగల వినగానే ఒళ్లు మండింది. ప్రార్థన చేశాను. నా కోపాన్నే జవాబు అనుకున్నాను. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ సార్ గదిలోకి వెళ్లి, పసిపిల్లలకు జూదం నేర్పుతున్నారని చెప్పాను. అంజమ్మ క్లాసు నోటు పుస్తకాలు ఖాళీగా ఉంటున్నాయని తల్లిదండ్రులు అప్పటికే ఆయనను సతాయిస్తున్నారు. ఆయన ఆటలు బందు పెట్టించి, ఆమె క్లాసులో వెనకబడ్డ పిల్లలను నా సెక్షన్‌కు మార్చారు. పరీక్షనాటికి హండ్రెడ్ దాకా చెప్పలేని పిల్లలు మళ్లీ యూకేజీలోనే ఉంటారన్నారు.

అలా వచ్చినవాళ్లలో శ్రావణి ఒకతి. తండ్రి ఎయిర్‌పోర్టు కార్గోలో సామాన్లు ఎత్తేవాడు, తల్లి అక్కడే హౌస్‌కీపింగ్. పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. గోడ అవతల ఆటలో అందరికన్నా ముందు లేచే వేళ్లు ఆ పిల్లవేనని నాకు తెలుసు. తెలిసినా దాన్ని చదువు కింద లెక్కగట్టలేదు. తల్లి గేటు దగ్గర నా చేయి పట్టుకుంది. "టీచర్, మల్లా అదే క్లాసంటే వాళ్ల నాయిన ఊకోడు. బడి బంజేపిచ్చి షాద్‌నగర్ దిక్కు మా అత్తకాడ ఇడిసిపెడ్తనంటుండు. ఆమె మేకలెంబడి పోతది. పిల్ల గూడ మేకలెంబడే పోతది ఇగ. జర చూడున్రి టీచర్." నేను ఆమె తల మీద చేయి పెట్టి ప్రార్థించాను. నీ బిడ్డ పాసవుతుందని మాట ఇచ్చాను.

నాకు తెలిసిన ఒకే దారిలో నేర్పాను. వాక్యం నేర్పినట్టు రోజుకు ఇన్నని, చప్పట్లతో, నా పెదవులు చూసి చెప్పమంటూ. రెండు నెలలయ్యేసరికి శ్రావణి హండ్రెడ్ దాకా తడబడకుండా చెప్పింది. ఆ ఆదివారం మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. మూగదానిలా ఉన్న బిడ్డ నోరు దేవుడు తెరిచాడని, దానికి నన్ను వాడుకున్నాడని. సంఘమంతా స్తోత్రం చేసింది. మా కాపరి నా పేరు రెండుసార్లు చెప్పారు.

మర్నాడు ఆ సంగతి అంజమ్మకు వినిపించకుండా ఉండలేకపోయాను. "మస్తుగున్నది. జర నేను గూడ చూస్త," అని కొంగుముడి విప్పి మెట్టు మీద గింజలు పోసింది. "శ్రావణీ, నాకు ఆరు గింజలియ్యి బిడ్డా." పిల్ల ఒక్కో గింజ తీసి ఆమె చేతిలో పెడుతూ వన్, టూ అని మొదలుపెట్టింది. సిక్స్ అంది, సెవెన్ అంది, ఆగలేదు. గింజలు అయిపోయాయి. ఖాళీ చేయి మెట్టుకూ అంజమ్మ దోసిలికీ మధ్య తిరుగుతూనే ఉంది, అంకెలు వస్తూనే ఉన్నాయి. హండ్రెడ్ చెప్పి ఆగి, చప్పట్ల కోసం నా వైపు చూసింది. చెబుతున్నంతసేపూ ఒక్కసారి కూడా గింజల వైపు చూడలేదు. నా నోటినే చూసింది.

"పాట మంచిగ నేర్పినవ్ ఎస్తేరు టీచరమ్మా," అంది అంజమ్మ. అంతే. దోసిలి కొంగులోకి వంచుకొని వెళ్లిపోయింది.

మూడు రోజులు ముఖం చాటేసి, నాలుగో రోజు ఆమె దగ్గరికి వెళ్లి ఏం చేయాలని అడిగాను. పరీక్షకు ఇరవై రోజులుంది. "చేసేదేమున్నది, కూసోని ఆడు," అంది. "గవ్వలు ముట్టుకుంటే నీకు పాపం అంటుతదేమో, గింజలతోనే ఆడుదాం తియ్. నీ దేవుడు చింతచెట్టునైతే ఏమనలే గద." సిగ్గుతోనే నవ్వాను. రోజూ అన్నాల గంటలో ముగ్గురం మెట్ల కింద కూర్చునేవాళ్లం. శ్రావణి ప్రతిసారీ నా ముఖంలో జవాబు వెతికేది. "నువ్వు నోరు మూసుకో తల్లీ. పిల్లకు నీ నోరు కనవడొద్దు," అని అంజమ్మ నా చేత పైట కొంగు మూతికి అడ్డం పెట్టించింది. పన్నెండో రోజు కాబోలు, పళ్లెం మీద గుడ్డ లేచి పడగానే శ్రావణి వేళ్లు లేచాయి. మళ్లీ అందరికన్నా ముందు. కాని ఒక చిక్కు వచ్చింది. చూడటం మొదలయ్యాక, ఊరకే చెప్పుకుపోయే వరస సడలింది. ట్వంటీ నైన్ దగ్గరో, థర్టీ నైన్ దగ్గరో ఆగి ఆలోచించేది. నేను కంగారు పడితే, "ఆలోచిస్తుంది గద, సంతోషపడు," అనేది అంజమ్మ.

పరీక్ష రోజు వరండాలో బల్ల వేశారు. సార్ రిజిస్టరు ముందు పెట్టుకున్నారు. పక్క కుర్చీలో నేను. పిల్లలను గదిలోంచి ఒక్కొక్కరినే బల్ల దగ్గరికి పంపే పని అంజమ్మది. శ్రావణి వచ్చింది, మొదలుపెట్టింది, థర్టీ నైన్ దగ్గర ఆగిపోయింది. సార్ "ఊఁ" అన్నారు. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఆ మోతలో చేసేదేమీ లేక సార్ తల వంచి రిజిస్టరులో గీతలు గీసుకోసాగారు. గుమ్మం దగ్గర అంజమ్మ పళ్లెం ఎత్తింది. గుడ్డ తీసి కప్పింది. ఎనిమిది గింజలు. శ్రావణి ఎనిమిది వేళ్లు ఎత్తింది. అంజమ్మ మూడింటిని చిప్ప కింద దాచి, అదే చిప్పను వేలితో తట్టింది. శ్రావణి మూడు వేళ్లు చూపించింది. ఒక్క మాట లేదు. పిల్ల ముఖం వెలిగిపోతోంది. అదంతా నేను చూశాను. సార్ చూడలేదు. నేను ఆయన చొక్కా చేతిని తాకితే చాలు. "సార్, ఒక్కసారి అటు చూడండి" అంటే చాలు. అంజమ్మ నా వైపే చూస్తోంది.

నేను అనలేదు. విమానం చప్పుడులో ఆయనకు వినబడదని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ పళ్లెంలో ఉన్నది చదువే అని ఒప్పుకుంటే నేను ఇచ్చిన ఫిర్యాదు ఏమవుతుంది? సంఘం ముందు చెప్పిన సాక్ష్యం ఏమవుతుంది? ఆ రెండూ నాకు ఆ పిల్ల కన్నా బరువైనవి అయ్యాయి. విమానం దాటిపోయింది. సార్ తల ఎత్తి, "చెప్పలేకపోయింది కదా?" అని నన్నే అడిగారు. "అవును సార్" అన్నాను. శ్రావణి పేరు ఎదురుగా రిపీట్ అని రాశారు.

సాయంత్రం మెట్ల దగ్గర అంజమ్మ, "పిల్ల చూసింది, నువ్వు చూసినవ్. చెప్పెటోళ్లు లేకపాయె," అంది. జూన్‌లో బడి తెరిచేసరికి శ్రావణి లేదు. షాద్‌నగర్ దిక్కు పంపేశారని బడి ఆయా చెప్పింది.

ఆ ఏడాది అంజమ్మ నాకు తన ఆటలన్నీ నేర్పింది. నాకు అర్థం కాక, "నా మీద కోపం లేదా అక్కా?" అని అడిగాను. "ఎందుకుండదు? మస్తుంది. కోపముంటే నేర్పొద్దా ఏంది? నీ ముంగట ముప్పైమంది పోరగాళ్లు కూసుంటరు." మూడేళ్లు ఆమె పక్క గదిలో పనిచేశాను. గవ్వలు కూడా పట్టుకున్నాను. నా క్లాసులో ఏ పిల్లా ఖాళీ చేత్తో హండ్రెడ్ చెప్పకుండా చూసుకుంటున్నాను. తర్వాత ఆమెకు మోకాళ్లు పనిచేయక రావిర్యాలలో ఉన్న కూతురి ఇంటికి వెళ్లింది. నిరుడు అక్కడే కన్ను మూసింది. కబురు అంది వెళ్లాను గాని, వాళ్ల పద్ధతులు నావి కావు. వాకిట్లో చెప్పులు విప్పి, గోడ పక్కన నిలబడి, నా పద్ధతిలో నేను ఏడ్చాను.

మందిరంలో మోకరించినప్పుడు ఇప్పుడు నాకు స్తిమితం ఉండదు. మాటలు వాటంతటవే వస్తాయి, ఎక్కడా తడబడవు. ఆ తడబడకపోవడమే నన్ను భయపెడుతుంది. దేవుడు నా ముందు గింజలు పోసి ఆరంటే ఆరు ఇమ్మని అడిగితే, నేను కూడా ఆయన చేతిని చూడకుండా చెప్పుకుంటూ పోతానేమో. అందుకని మధ్యలో ఆగుతాను. ఒక్కోసారి చాలాసేపు ఆగుతాను. పక్కనున్నవాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకుంటారు.

శ్రావణి తల్లి ఫోను కలవడం మానేసి చాలా ఏళ్లయింది. ఒకసారి ఆ నాయనమ్మ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటికి తాళం ఉంది. పని కోసం ఎటో పోయారన్నారు, ఎటో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఆ పిల్లకు పదహారేళ్లు ఉంటాయి. చదువుకుంటోందో, మేకల వెంబడే ఉందో, పెళ్లి చేసి పంపించారో నాకు తెలియదు.

ఆనాటి సాక్ష్యాన్ని నేను ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. ఈ కాగితం మీద తీసుకుంటున్నాను. ఆ బిడ్డ నోటిని నేను తెరవలేదు, తెరవాల్సిన నా నోటిని మూసుకున్నాను. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదే మాట చెప్పాలి. దీన్ని చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. శ్రావణి ఎక్కడున్నా, ఆమె వేళ్లను చూసి నోరు విప్పి చెప్పే మనిషిని దేవుడు ఆమె పక్కన ఉంచాలని. లేచి నిలబడినప్పుడు నేను మళ్లీ కూర్చుండిపోకుండా చూడాలని.